పసిపిల్లల మెదడు రక్తనాళ వైకల్యాలు - అవధాన రుగ్మతలు

మెదడుకు రక్తాన్ని తెచ్చే ధమనులు, కణజాలంలో అల్లుకొనే కేశనాళికలు, రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరలు గర్భస్థ దశలోనే సరిగా రూపొందకపోవడాన్ని, లేదా పుట్టిన తరువాత ఏదో ఒక జబ్బు వల్ల ఇరుకైపోవడం, పూడుకుపోవడం, చిట్లిపోవడం వంటి మార్పులకు లోనుకావడాన్ని మెదడు రక్తనాళ వైకల్యాలు అంటారు. చేస్తున్న పనిమీద వయసుకు తగినంతసేపు మనసు నిలపలేకపోవడం, నిలకడ లేకుండా కదులుతూ ఉండడం, ఆలోచించకుండా తొందరపడడం అనే లక్షణాలు ఇంట్లోను, బడిలోను చాలాకాలంపాటు కనిపించి బిడ్డ చదువుకూ నలుగురిలో మెలగడానికీ అడ్డుపడితే దానిని అవధాన రుగ్మత అంటారు. ఇటువంటి రుగ్మతలలో ఎక్కువగా వాడుకలో ఉన్న పేరు ఏడీహెచ్‌డీ, అంటే అవధాన లోప, అతిచురుకుదన రుగ్మత. ఈ రెండు సమస్యల మధ్య సంబంధం రెండు వైపులా సమానమైనది కాదు. అవధాన రుగ్మత ఉన్న పిల్లలలో అత్యధికులకు రక్తనాళాలలో ఏ దోషమూ ఉండదు. కాని రక్తనాళాల జబ్బు వల్ల మెదడు దెబ్బతిన్న పిల్లలలో అవధాన లోపం తరచుగా కనిపిస్తుంది, చేయీ కాలూ కోలుకున్న తరువాత కూడా మిగిలిపోతుంది. అందుకే మొదటి వర్గం పిల్లలకు అనవసరమైన స్కానింగులు చేయకుండా ఉండడం, రెండవ వర్గం పిల్లలను బడి వయసు వరకు విడవకుండా గమనించడం ఈ రంగంలో వైద్యులు పాటించవలసిన రెండు ముఖ్య సూత్రాలు.

అధ్యయన చరిత్ర

మనసు నిలపలేని పిల్లల గురించి స్కాట్లాండు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లో రాశాడు. లండన్‌లో జార్జ్ స్టిల్ 1902లో ఇచ్చిన ఉపన్యాసాలలో తెలివికి లోటు లేకపోయినా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లలను వర్ణించాడు. 1937లో అమెరికా వైద్యుడు ఛార్లెస్ బ్రాడ్లీ ఉత్తేజక ఔషధం ఇచ్చినప్పుడు అటువంటి పిల్లల ప్రవర్తన కుదుటపడుతుందని గమనించాడు. రక్తనాళాల వైపు చూస్తే, ముఖం మీది ఎర్రని మచ్చకూ మూర్ఛకూ ఉన్న సంబంధాన్ని విలియం స్టర్జ్ 1879లోనే చెప్పాడు. మెదడు అడుగుభాగపు ధమనులు క్రమంగా మూసుకుపోయే మోయమోయ జబ్బును జపాన్ వైద్యులు 1957లో వర్ణించగా, 1969లో సుజుకి, తకాకు దానికి ఆ పేరు స్థిరపరిచారు. ఈ రెండు ధారలు చాలాకాలం వేరువేరుగానే సాగాయి. సీటీ, ఎంఆర్ఐ స్కానులు వచ్చి, మెదడులో ఏ చోటు దెబ్బతింటే ఏ సామర్థ్యం తగ్గుతుందో బతికున్న పిల్లలలోనే చూడగలిగిన తరువాత అవి కలిశాయి. పక్షవాతం వచ్చిన పిల్లలలో పుటామెన్ అనే భాగం దెబ్బతిన్నవారికి అవధాన లోప లక్షణాలు ఎక్కువగా వస్తున్నాయని అమెరికాలో జెఫ్రీ మాక్స్ బృందం 2002లో ప్రకటించిన పరిశోధన ఈ కలయికలో ముఖ్యమైన మెట్టు.

రక్తప్రసరణ, అవధాన వలయాలు

పెద్దవారిలో శరీర బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు శరీరం వాడుకొనే ప్రాణవాయువులో దాదాపు 20 శాతాన్ని తీసుకుంటుంది. పిల్లలలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. నాలుగేళ్ల నుంచి తొమ్మిదేళ్ల వరకు మెదడు కణజాలం గ్లూకోజును పెద్దల కంటే దాదాపు రెండింతల వేగంతో ఖర్చుచేస్తుంది. నాడీకణాల మధ్య కొత్త సంబంధాలు ఏర్పడుతూ, అక్కరలేనివి తొలగిపోతూ ఉండే ఈ వయసులో రక్తప్రవాహం కొద్దిగా తగ్గినా, ఎదుగుతున్న వలయాలే ముందుగా నష్టపోతాయి.

అవధానం మెదడులో ఒక్కచోట ఉండే శక్తి కాదు. నుదుటి వెనుక ఉండే ఫ్రాంటల్ భాగం, మెదడు లోతులో ఉండే కాడేట్, పుటామెన్ అనే నాడీకణ సముదాయాలు, ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని వడపోసే థాలమస్, వీటిని కలిపే తెల్లని తంతువుల కట్టలు ఒక వలయంగా పనిచేసినప్పుడే బిడ్డ ఒక పనిని ఎంచుకొని, అడ్డువచ్చేవాటిని పక్కనపెట్టి, చివరిదాకా సాగించగలుగుతాడు. లోతులోని ఈ సముదాయాలకు రక్తం ఇచ్చేవాటిలో లెంటిక్యులోస్ట్రయేట్ ధమనులు ముఖ్యమైనవి. మెదడు మధ్యధమని నుంచి దాదాపు నిటారుగా పైకి చీలే ఈ సన్నని నాళాలకు పక్కదారులు లేవు కనుక, ఒకటి మూసుకుపోతే అది పోషించే చోటుకు వేరే నాళం నుంచి రక్తం అందదు. పసిపిల్లల రక్తనాళాల జబ్బులలో చాలావాటికి ఈ ప్రాంతమే తరచుగా బలికావడం, అవధాన వలయమూ ఇక్కడి నుంచే సాగడం ఈ రెండు సమస్యల సంబంధానికి శరీరనిర్మాణంలో ఉన్న మూలకారణం.

పుట్టుకతో వచ్చే వైకల్యాలు

ధమనీ-సిరా వైకల్యంలో కేశనాళికలు లేకుండానే ధమని రక్తం ఒత్తిడితో నేరుగా సిరలోకి దూకుతుంది. నాళాల గుంపు చిట్లితే రక్తస్రావం జరుగుతుంది. అలా జరిగే అవకాశం ఏడాదికి 2 నుంచి 4 శాతం ఉంటుందని అంచనా. చిట్లకపోయినా మూర్ఛ, తలనొప్పి రావచ్చు. గ్యాలెన్ సిర వైకల్యంలో గర్భస్థ దశలో మాయమైపోవలసిన ఒక సిర నిలిచిపోయి, ధమనుల రక్తం నేరుగా దానిలోకి చేరి ఉబ్బుతుంది. నవజాత శిశువులో ఇది గుండె వైఫల్యంగాను, కొన్ని నెలల బిడ్డలో తల పరిమాణం వేగంగా పెరగడంగాను బయటపడుతుంది. ఒకప్పుడు ఎక్కువమందిని బలిగొన్న ఈ జబ్బులో, నాళంలోకి సన్నని గొట్టం పంపి లోపలినుంచి మూసే చికిత్సను ఫ్రాన్స్‌లో పియర్ లస్‌జోనియా వంటి వైద్యులు తీర్చిదిద్దిన తరువాత పరిస్థితి మారింది.

కావర్నస్ వైకల్యం పలుచని గోడలున్న చిన్న గదుల గుంపు. వెయ్యి మందిలో సుమారు ఐదుగురికి ఉంటుంది, చాలామందిలో జీవితాంతం బయటపడదు, కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తుంది. ఇంకా ఎక్కువమందిలో కనిపించే సిరల అమరిక భేదం దాదాపు ఎప్పుడూ హాని చేయదు. బిడ్డ చదువులో వెనుకబడ్డాడని తీసిన స్కానులో ఇది కనిపిస్తే అదే కారణమని తల్లిదండ్రులు భయపడడం మామూలు; అయితే అది సాధారణ భేదమేనని, దానిని కదిలించకూడదని వైద్యులు స్పష్టంగా చెప్పాలి.

స్టర్జ్-వెబర్ వ్యాధిలో నుదుటిమీద, కనురెప్పమీద పుట్టుకతోనే ముదురు ఎర్రని మచ్చ ఉంటుంది. ఆ వైపు మెదడు పైపొరలో కేశనాళికలు అసహజంగా పెరిగి, కింది కణజాలానికి రక్తం సరిగా అందదు. జీఎన్‌ఏక్యూ అనే జన్యువులో గర్భస్థ దశలో కొన్ని కణాలకు మాత్రమే వచ్చే మార్పే దీనికి కారణమని 2013లో తేలింది కనుక, ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. మొదటి ఏడాదిలోనే మొదలయ్యే మూర్ఛ, తరువాత వచ్చే అవధాన, ప్రవర్తన సమస్యలు, కంటిలో ఒత్తిడి పెరగడం ఈ జబ్బులో కలిసి వస్తాయి. ఒంటిమీద పాలకాఫీ రంగు మచ్చలతో గుర్తుపట్టే న్యూరోఫైబ్రోమటోసిస్ మొదటిరకం జబ్బులో అవధాన లోపం చాలా సాధారణం. వారిలో కొద్దిమందికి మెదడు ధమనులు ఇరుకవడం కూడా ఉంటుంది కనుక, ఒకే బిడ్డలో రెండు సమస్యలకు రెండు వేరు కారణాలు ఉండవచ్చు.

పుట్టుకతోనే కనిపించకపోయినా బాల్యంలో క్రమంగా ముదిరే మోయమోయ జబ్బులో మెదడుకు ముందువైపు రక్తం ఇచ్చే పెద్ద ధమనులు నెమ్మదిగా మూసుకుపోగా, ఆ లోటు తీర్చడానికి పుట్టుకొచ్చిన సన్ననాళాలు ధమనీచిత్రంలో పొగ తెరలాగా కనిపిస్తాయి. బిడ్డ గుక్కపట్టి ఏడ్చినప్పుడు, వేడి అన్నాన్ని ఊదుకున్నప్పుడు, పిల్లనగ్రోవి ఊదినప్పుడు వేగమైన ఊపిరి వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి మెదడు నాళాలు ముడుచుకుంటాయి. కొన్ని నిమిషాలపాటు చేయి వాలిపోవడం, మాట తడబడడం జరిగి మళ్లీ మామూలవుతుంది. ఇటువంటివి రాకముందే కూడా ఫ్రాంటల్ భాగానికి రక్తం చాలక చదువులో జారిపోవడం, మతిమరపు, చిరాకు మొదలుకావచ్చు.

పుట్టిన తరువాత వచ్చే జబ్బులు, దక్షిణ భారత అనుభవం

ప్రపంచవ్యాప్తంగా 2,500 నుంచి 5,000 జననాలలో ఒక శిశువుకు పుట్టుక సమయంలో మెదడు ధమని మూసుకుపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులలో మెదడు గదుల పక్కనుండే పలుచని నాళాలు చిట్లి రక్తస్రావం జరగవచ్చు. అటువంటి పిల్లలు పెద్దయ్యాక వారిలో అవధాన లోపం సామాన్య పిల్లల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. సికిల్ సెల్ వ్యాధిలో కొడవలి ఆకారపు ఎర్రకణాలు ధమనులను దెబ్బతీసి, బయటికి ఏ లక్షణమూ లేని చిన్న మచ్చలను మెదడులో మిగులుస్తాయి; అవి బడిలో మనసు నిలపలేకపోవడంగా మాత్రమే వ్యక్తమవుతాయి. మెదడు రక్తవేగాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి, వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు దాటిన పిల్లలకు క్రమంగా రక్తం ఎక్కిస్తే పక్షవాతం చాలావరకు ఆగుతుందని 1998లో స్టాప్ అనే పరిశోధన నిరూపించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాలకు, తమిళనాడులో నీలగిరి గిరిజనులకు ఇది ముఖ్యమైన విషయం.

భారతదేశంలో ప్రత్యేకంగా గమనించవలసిన జబ్బు పసిబిడ్డలలో వచ్చే ఖనిజ నిక్షేప నాళవ్యాధి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు వయసున్న, అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మంచం మీదినుంచో, కూర్చున్న చోటినుంచో పక్కకు ఒరిగి పడుతుంది. కాసేపు ఏడ్చి ఊరుకుంటుంది. ఆ తరువాత నిమిషాలలోనో, ఒకటి రెండు రోజులలోనో ఒక చేయి బొమ్మను అందుకోవడం మానేస్తుంది, కాలు ఈడ్చుకుంటుంది, లేదా చేయి మెలికలు తిరుగుతుంది. సీటీ స్కానును సన్నని పొరలుగా తీసి నిలువు కోణంలో చూస్తే లెంటిక్యులోస్ట్రయేట్ ధమనుల వెంట సున్నపు గీతలు, ఆ పక్కనే రక్తం అందక దెబ్బతిన్న చోటు కనిపిస్తాయి. ఎంఆర్ఐలో ఈ సున్నం కనిపించకపోవచ్చు. ఈ జబ్బును పెద్దసంఖ్య పిల్లలలో వివరంగా వర్ణించిన తొలి పరిశోధనలలో హైదరాబాదు రెయిన్‌బో పిల్లల ఆసుపత్రికి చెందిన లోకేశ్ లింగప్ప బృందం 2014లో ప్రచురించినది ప్రసిద్ధం. నాళాలలో సున్నం ఎందుకు పేరుకుంటుందో ఇంకా స్థిరపడలేదు. ఈ పిల్లలలో చాలామందికి ఇనుము లోపంతో కూడిన రక్తహీనత ఉండడం వైద్యులు గమనించారు. ఎక్కువమంది బాగా కోలుకుంటారు. మళ్లీ పడితే మళ్లీ రావచ్చు కనుక కొంతకాలం తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. అయితే దెబ్బతిన్న పుటామెన్ భాగమే అవధాన వలయంలో ఒక కణుపు కనుక, నడక వచ్చిందన్న సంతోషంతో ఆసుపత్రికి వెళ్లడం మానేసిన కుటుంబం, ఐదారేళ్ల తరువాత బడిలో కనిపించే నిలకడలేమిని పాత సంఘటనతో ముడిపెట్టుకోలేదు.

క్షయ వల్ల వచ్చే మెదడు పొరల వాపు మరొక ముఖ్య కారణం. మెదడు అడుగున చేరిన చిక్కని స్రావం అక్కడి ధమనులను చుట్టి వాచేలా చేసి మూసివేస్తుంది; కాడేట్ తల, థాలమస్ ముందుభాగం ఎక్కువగా దెబ్బతింటాయి. ప్రాణం దక్కిన పిల్లలలో అవధాన లోపం, అతిచురుకుదనం, నేర్చుకోవడంలో వెనుకబాటు తరచుగా మిగులుతాయి.

అవధాన లోపం కనిపించే తీరు

రక్తనాళాల జబ్బు తరువాత వచ్చే అవధాన లోపం అన్ని విషయాలలోను వంశపారంపర్య ఏడీహెచ్‌డీని పోలి ఉండదు. వంశపారంపర్యంగా వచ్చేది మూడు నాలుగేళ్ల నుంచి క్రమంగా బయటపడుతుంది, మగపిల్లలలో ఎక్కువగా గుర్తింపు పొందుతుంది, తండ్రికో మేనమామకో తరచుగా అటువంటి బాల్యమే ఉంటుంది. నాళసంబంధమైన దానిలో ఒక జబ్బుకు ముందు, తరువాత అనే గీత ఉంటుంది. అల్లరి కంటే మందకొడితనం, త్వరగా అలసిపోవడం ఎక్కువ. రెండవ తరగతి బిడ్డ ఒక కూడిక చక్కగా చేస్తాడు, పదవ కూడికకు వచ్చేసరికి తప్పులు పెరుగుతాయి. "పుస్తకం తీసి, పన్నెండవ పేజీ తెరిచి, మూడవ లెక్క చెయ్యి" అని చెబితే మొదటి మాట మాత్రమే నిలుస్తుంది. ఉపాధ్యాయులు దీనిని సోమరితనమని అనుకోవడం, ఆ మాట విని బిడ్డ తాను మొద్దునని నమ్మడం, అసలు జబ్బు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

నిర్ధారణ

అమెరికా మానసిక వైద్య సంఘం 2013లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఏడీహెచ్‌డీని నిర్ణయించడానికి తొమ్మిది అవధాన లక్షణాలలో గాని, తొమ్మిది అతిచురుకు లక్షణాలలో గాని కనీసం ఆరు ఉండాలి. అవి ఆరు నెలలు సాగాలి, పన్నెండేళ్లలోపు మొదలుకావాలి, కనీసం రెండు చోట్ల కనిపించాలి. నాలుగేళ్లలోపు పిల్లలలో నిలకడలేమి సహజం కనుక ఆ వయసులో ఈ పేరు పెట్టడానికి తొందరపడకూడదు. స్కానుతో ఏడీహెచ్‌డీని నిర్ణయించే పద్ధతి లేదు. మామూలు బిడ్డకు స్కాను అవసరమూ లేదు.

అయితే కొన్ని ప్రశ్నలను ప్రతి బిడ్డ విషయంలోను అడగాలి: కుడిచేయో ఎడమచేయో ఒక్కటే వాడే అలవాటు ఏడాది నిండకముందే స్పష్టంగా కనిపించిందా, మూర్ఛ వచ్చిందా, ఏడ్చినప్పుడో ఊదినప్పుడో చేయి వాలిందా, ఉదయాన్నే వాంతులతో తలనొప్పి ఉందా, ముఖంమీద ఎర్రమచ్చ గాని ఒంటిమీద పాలకాఫీ మచ్చలు గాని ఉన్నాయా, నేర్చినది మరచిపోతున్నాడా, పసితనంలో ఒకవైపు బలహీనత వచ్చి తగ్గిందా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. వీటిలో ఒకటి ఉన్నా నాడీవైద్యుని పరీక్ష, అవసరమైతే ఎంఆర్ఐ, నాళాల చిత్రణ చేయించాలి. కొన్ని క్షణాలపాటు చూపు నిలిచిపోయి బిడ్డ పలకకపోవడం అవధాన లోపం కాక, శూన్యదృష్టితో వచ్చే ఒకరకం మూర్ఛ కావచ్చు. దానిని బయటపెట్టడానికి బిడ్డచేత మూడు నిమిషాలు వేగంగా ఊపిరి తీయిస్తారు. మోయమోయ అనుమానం ఉన్న బిడ్డచేత ఆ పని చేయించకూడదు.

చికిత్స

నాళాల చికిత్స వైకల్యాన్నిబట్టి మారుతుంది. ధమనీ-సిరా వైకల్యాన్ని శస్త్రచికిత్సతో తీయడం, నాళం లోపలినుంచి మూయడం, కేంద్రీకృత కిరణాలతో ఎండగట్టడం అనే మూడు మార్గాలు ఉన్నాయి. మోయమోయలో తలచర్మపు ధమనిని మెదడుకు కలిపి కొత్త దారి ఏర్పరుస్తారు. ఆ తరువాత అవధానం కొంత మెరుగుపడవచ్చు గాని, అప్పటికే జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాదు కనుక ముందుగా గుర్తించడమే మేలు.

నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలలో అవధాన లోపానికి మొదటి చికిత్స మందు కాదు, తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ. ఒకసారికి ఒకే మాట చెప్పడం, పనిని చిన్న ముక్కలుగా విడదీయడం, బాగా చేసినప్పుడు వెంటనే మెచ్చుకోవడం, నిద్రవేళను స్థిరంగా ఉంచడం అందులో భాగాలు. ఆరేళ్లు దాటిన పిల్లలకు మిథైల్‌ఫెనిడేట్, అటోమోక్సెటిన్ వంటి మందులు ఉపయోగపడతాయి. ఇవి రక్తపోటును, గుండెవేగాన్ని కొంత పెంచుతాయి. మెదడు నాళాలలో వైకల్యం, ధమని ఉబ్బు, పక్షవాతం ఉన్నవారికి మిథైల్‌ఫెనిడేట్ ఇవ్వకూడదని యూరప్‌లోని ఔషధ సమాచార పత్రాలు చెబుతాయి. అందువల్ల పాత జబ్బు చరిత్ర తెలియకుండా మందు మొదలుపెట్టడం ప్రమాదం. అటువంటి బిడ్డకు మందు తప్పనిసరి అనిపిస్తే నాడీవైద్యుడు, మానసిక వైద్యుడు కలిసి నిర్ణయించాలి.

కోవిల్‌పట్టి - విరుదునగర్ ప్రాంతం

ఇంటి భాష, బడి భాష వేరైనప్పుడు నిర్ధారణ ఎంత జాగ్రత్తగా చేయాలో ఈ ప్రాంతం చూపిస్తుంది. తమిళనాడు దక్షిణభాగంలో నల్లరేగడి మెట్టపొలాలు, అగ్గిపెట్టెల పరిశ్రమలు ఉన్న కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి, విరుదునగర్ పరిసరాలలో నాయకరాజుల కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడి తెలుగు బిడ్డ ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదువుతాడు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత ఒకటవ తరగతి నుంచి తమిళం తప్పనిసరి. బడిలో చేరిన తొలి నెలలలో బిడ్డ చెప్పినది అందుకోకపోతే అది భాష వల్లనా, అవధానం వల్లనా, వినికిడి వల్లనా అన్నది విడదీయాలి. ఇంటి భాషలో చెప్పినప్పుడు కూడా రెండు మాటల ఆజ్ఞను పూర్తిచేయలేకపోతేనే అవధానాన్ని అనుమానించాలి కనుక, పరీక్షించేవారు బిడ్డతోను తల్లితోను తెలుగులో మాట్లాడగలగడం, లేదా తెలిసినవారి సాయం తీసుకోవడం నిర్ధారణలో భాగమే అవుతుంది. మేనరికాలు దక్షిణ భారతంలో ఇప్పటికీ సాధారణమే కనుక, రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచే హోమోసిస్టినూరియా వంటి అరుదైన జన్యువ్యాధులను కూడా పసివయసు పక్షవాతంలో గుర్తుంచుకోవాలి.

వైద్యసదుపాయాల విషయంలో ఈ ప్రాంతం ఒంటరిది కాదు. మదురై వైద్య కళాశాల 1954లోను, తిరునెల్వేలి కళాశాల 1965లోను, తూత్తుకుడి కళాశాల 2000లోను మొదలుకాగా, విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరి 12న ప్రారంభమైంది. నాళాల శస్త్రచికిత్సకు తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ దక్షిణాదిలో పేరొందినది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్యబృందాలు అంగన్‌వాడీలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులను ఒకసారి సందర్శించి, ఎదుగుదల లోపాలున్న పిల్లలను జిల్లా కేంద్రాలకు పంపాలి. పుట్టుక నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఒకే కార్యక్రమం చూసుకోవడం వల్ల, ఏడాది వయసులో పక్షవాతం వచ్చిన బిడ్డను ఏడేళ్లకు మళ్లీ పరీక్షించే వీలు ఇందులో ఉంది.

నివారణ, దీర్ఘకాల పర్యవేక్షణ

పుట్టుకతో వచ్చే నాళవైకల్యాలలో చాలావాటిని ఆపే మార్గం లేదు. కాని పుట్టిన తరువాతి నష్టంలో కొంత ఆపదగినదే. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షను మెదడులో రక్తస్రావాన్ని, బీసీజీ టీకా క్షయ వల్ల వచ్చే మెదడు పొరల వాపును తగ్గిస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలలో రక్తహీనత తమిళనాడులో 57.4 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఇనుము లోపం సిరలలో గడ్డకట్టడానికి తోడ్పడడమే కాక, నాళాలు బాగున్న బిడ్డలో కూడా అవధానాన్ని తగ్గిస్తుంది కనుక, ఆరో నెల నుంచి ఇనుప చుక్కల మందు, రాగిజావ, ఆకుకూర, పప్పు, గుడ్డు వంటి ఆహారం రెండు సమస్యలకూ ఒకేసారి రక్షణ. పాకే వయసు బిడ్డను ఎత్తైన మంచం మీద ఒంటరిగా వదలకపోవడం, చీర ఉయ్యాలను నేలకు దగ్గరగా కట్టడం ఖర్చులేని జాగ్రత్తలు. పడిన తరువాత ఒక చేయి వాడకపోతే దిష్టి అనో, బెణుకు అనో ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఏడీహెచ్‌డీ విడిగా లేదు. నిర్దిష్ట అభ్యసన లోపం, దీర్ఘకాల నాడీవ్యాధులు, సికిల్ సెల్ ఉన్నాయి. అందువల్ల రక్తనాళాల జబ్బు చరిత్ర ఉన్న బిడ్డకు ఆసుపత్రి ఇచ్చే పత్రంలో జబ్బు పేరు, దెబ్బతిన్న చోటు, తరువాతి పరీక్షల వయసు స్పష్టంగా రాయడం పరీక్షలలో అదనపు సమయం వంటి హక్కులకు ఆధారమవుతుంది. పసివయసులో మెదడు నాళాల జబ్బు వచ్చిన ప్రతి బిడ్డను బడిలో చేరేముందు ఒకసారి, మూడవ తరగతి ప్రాంతంలో ఒకసారి, ఉన్నత పాఠశాలకు మారేటప్పుడు ఒకసారి అవధానం, జ్ఞాపకం, చదువు విషయాలలో పరీక్షించాలి. పాఠాలు బరువెక్కే ఈ మూడు మలుపుల దగ్గరే దాగిన లోపం బయటపడుతుంది, సాయం అందితే ఎక్కువ ఫలితం ఇచ్చేదీ అక్కడే.